నీళ్ల కుండ – పిల్లకాయల ఫోను



ఇందుకూరుపేట మండలంలో మన వాడల్లో సాయంత్రం పూట నడిచి చూడండి. ఒకే అరుగు మీద నలుగురు పిల్లకాయలు కూర్చుని ఉంటారు. ఎవరి ఫోను వాళ్లది. పక్కపక్కనే ఉన్నా కలిసి లేరు.

మా వాడలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఈమధ్య బడికి పోనని మొండికేసింది. ఏందమ్మా అని అడిగితే రెండు రోజులకు గానీ చెప్పలేదు. సైన్సు ప్రాజెక్టు కోసం అయిదుగురు కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఈ పిల్ల ఒక మాట తప్పుగా రాసింది. ఒకరు నవ్వారు, ఇంకొకరు ఎగతాళి చేశారు. తెల్లారేసరికి ఈమెను వదిలేసి వేరే గ్రూపు పెట్టుకున్నారు. అలా వదిలేసిన వాళ్లలో ఇద్దరు మన వాడ పిల్లలే! నాకు బాధ కలిగింది అక్కడే.

బాబాసాహెబ్ చిన్నప్పుడు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చున్నారు. దాహమైతే ప్యూను వచ్చి కుళాయి తిప్పాలి, ప్యూను లేని రోజు నీళ్లు లేవు. ఆ అంటరానితనమూ ఈ గ్రూపు తగువూ ఒకటేనని నేను అనను. కానీ వెలి బాధ తెలిసిన మనం, మన ఇంటి పిల్లలు ఇంకొకరిని వెలివేస్తుంటే ఊరుకోవచ్చా?

కోశాంబిలో భిక్ఖు సంఘం రెండుగా చీలింది. మూలం ఏందంటే, చెంబులో మిగిల్చిన కాసిని నీళ్లు! బుద్ధుడు చెప్పి చూశాడు. వాళ్లు వినలేదు. ఆయన వాళ్లను విడిచి వెళ్లాడు. దారిలో అనురుద్ధుడు, నందియుడు, కింబిలుడు అనే ముగ్గురు భిక్ఖువులు పాలూ నీళ్లలా కలిసి బతకడం చూశాడు. భిక్ష నుంచి ముందొచ్చినవాడు ఆసనాలు వేసి నీళ్లు పెట్టేవాడు, చివరొచ్చినవాడు ఊడ్చి శుభ్రం చేసేవాడు. ఖాళీ కుండ ఎవరి కంటబడితే వాళ్లే నింపేవారు. ఒక్కడికి బరువైతే చేతి సైగతో ఇంకొకరిని పిలిచి ఇద్దరూ మోసేవారు. అయిదు రోజులకొకసారి రాత్రంతా కూర్చుని ధమ్మం మాట్లాడుకునేవారు. మాటలు తక్కువే, సహకారం నిండుగా ఉంది.

ఫోను పాపం కాదు. 2020లో బడులు మూసినప్పుడు ఎందరికో పాఠం దాంట్లోనే అందింది. 2022 డిసెంబరులో ప్రభుత్వమే ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. చదువు ఏ దారిన వచ్చినా కాదనకూడదు. అయితే కారణం లేనిదే ఫలితం లేదని కదా మన ధమ్మం. ఎదుటివాడి కళ్లు కనబడనప్పుడు పరుషమాట సులువుగా జారుతుంది. నాలుగో శీలం నాలుకకే కాదు, వేలికీ వర్తిస్తుంది.

అందుకని మనం చేయాల్సినవి: పంపేముందు ‘ఇది నిజమా? మేలు చేస్తుందా? ఇప్పుడే చెప్పాలా?’ అని అడుగుకోవడం పిల్లలకు నేర్పండి. ఫోను లేని పిల్లకు పాఠం అందించే బాధ్యత గ్రూపులో ఒకరికి అప్పగించండి. ఆదివారం వందన అయ్యాక ఒక గంట పిల్లలతో కూర్చోండి. ఆ గంట ముందు మన ఫోన్లే పక్కన పెట్టాలి సుమా!

ఆ అయిదుగురినీ మేము అలాగే కూర్చోబెట్టాం. మొదట మొహాలు చూసుకోలేదు. సముద్రపు గాలికి చార్టు ఎగిరిపోతుంటే నాలుగు మూలలూ పట్టుకోవడానికి నలుగురు కావాల్సి వచ్చింది. అయిదో పిల్ల బొమ్మ గీసింది. సోమవారం ఆమె బడికి పోయింది.

మీ వాడలో ఏ పిల్ల బయట నిలబడి ఉందో ఈ రోజే కనుక్కోండి. నమో బుద్ధాయ! జై భీమ్!