పికప్ చూసి మోసపోకు అల్లుడూ

అల్లుడూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు కరెంటు కారు కొనబోతున్నావట, దాన్ని శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద తోలాలని ఉబలాటపడుతున్నావట. "నువ్వైనా చెప్పరా తమ్ముడూ" అంది. వద్దంటానని ఆశపడింది పాపం. నేను వద్దనను. విజయవాడ ఆటోనగర్ షెడ్డులో పెట్రోలు వాసన మధ్య బతికినవాణ్ని కాబట్టి బ్యాటరీ బండంటే మొహం చిట్లిస్తాననుకోకు. ఆఫీసుకీ ఇంటికీ తిరగడానికి కరెంటు కారే కొనుక్కో. ట్రాక్‌కి మాత్రం ఇంట్లో దుమ్ము పట్టి ఉన్న పాత పెట్రోలు స్విఫ్ట్ తీసుకెళ్ళు. ఎందుకో చెబుతా, విసుక్కోకుండా చదువు.

నువ్వు మోజుపడ్డ బీవైడీ సీల్ పెద్ద మోడల్‌ది 530 హార్స్‌పవర్. సున్నా నుంచి వందకి 3.8 సెకన్లు. కాదనను, అది గొప్పే. ఇంజన్‌కి ఆర్‌పీఎం ఎక్కాలి, గేరు పడాలి, టర్బో ఉంటే అది ఊపందుకోవాలి. మోటారుకి ఆ బాదరబందీ లేదు. కాలు ఆనించగానే ఉన్న లాగుడంతా చక్రానికి అందుతుంది. బ్యాటరీ అడుగున పరుచుకుని ఉంటుంది గనుక మలుపులో బండి ఒరగడమూ తక్కువే. సిగ్నల్ దగ్గర పచ్చ లైటు పడ్డాక దీన్ని అందుకునే కారు ఆ ధరలో దొరకడం కష్టం. కానీ నాయనా, ట్రాక్ మీద సిగ్నళ్ళుండవు. మలుపులుంటాయి, ప్రతి మలుపు ముందూ బ్రేకు తొక్కాలి. చిక్కంతా అక్కడే.

ఆ కారు బరువు రెండు టన్నులు దాటుతుంది, 2,185 కిలోలు. మన స్విఫ్ట్ టన్నులోపే. ఆపాల్సిన శక్తి బరువుతో పాటు పెరుగుతుంది, వేగానికైతే వర్గం లెక్కన పెరుగుతుంది. ఇంటర్మీడియట్‌లో నువ్వే నాకు అప్పజెప్పిన పాఠం ఇది. తిన్నటి దారి చివర స్విఫ్ట్ 140లో, సీల్ 180లో ఉన్నాయనుకుందాం. పెద్ద కారులో ఉన్న శక్తి చిన్నదానికి మూడున్నర రెట్ల పైమాటే. ప్రతి మలుపు దగ్గరా అదంతా ఎక్కడికో పోవాలి కదా. కొంత మోటారు వెనక్కి లాగి బ్యాటరీలో వేస్తుంది, మిగిలింది డిస్కులూ ప్యాడ్లూ వేడిగా మింగుతాయి. నువ్వేమో పొద్దున్నే ఫుల్ ఛార్జింగ్ పెట్టి వెళ్తావు. నిండిన బ్యాటరీకి ఇంకా తీసుకునే చోటుండదు. అంటే తొలి ల్యాపుల్లో భారమంతా ప్యాడ్ల మీదే. తర్వాత చోటు దొరికేసరికి బ్యాటరీ వేడెక్కి ఉంటుంది. వేడెక్కితే తీసుకోవడమూ తగ్గిస్తుంది, ఇవ్వడమూ తగ్గిస్తుంది. తనను తాను కాపాడుకోవడానికి అలా చేస్తుంది, తప్పుపట్టలేం. కానీ 530 అని డబ్బు పోసి కొన్న నీకు కాసేపటికి అంతా అందదు.

బరువు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడు. లీటరు పెట్రోల్లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. ఇంజన్ అందులో ముప్పాతిక దాకా వేడికీ పొగకీ తగలేస్తుంది. అంత దుబారా చేసినా, చిన్న కారు ట్యాంకులోని 37 లీటర్లతో చక్రాలకందే పని సీల్‌లోని 82 యూనిట్ల బ్యాటరీ చేసే పనికి దగ్గరగానే వస్తుంది. ఆ పెట్రోలు 28 కిలోలు, ఆ బ్యాటరీ అయిదు క్వింటాళ్ళ పైన. పైగా పెట్రోలు తరిగేకొద్దీ బండి తేలికవుతుంది. బ్యాటరీ నిండుగా ఉన్నా ఖాళీ అయినా అదే బరువు. రోడ్డు మీద నాలుగైదు వందల కిలోమీటర్లు నడిచే కారు, ట్రాక్ మీద కాలు తీయకుండా తొక్కితే వంద దాటడం కష్టం. ఆ తర్వాత ఛార్జరు వెతుక్కోవాలి. నీ స్నేహితులు క్యాను తెచ్చి అయిదు నిమిషాల్లో నింపుకుని మళ్ళీ ట్రాకెక్కుతుంటారు.

"జర్మనీలో రికార్డులు కొడుతున్నాయి కదా మావయ్యా" అంటావు. కొడుతున్నాయి. 20 కిలోమీటర్లు దాటే నూర్‌బర్గ్‌రింగ్‌ని పోర్షే టైకాన్ టర్బో జీటీ 7 నిమిషాల 7.55 సెకన్లలో చుట్టింది. అది ఒక్క ల్యాపు. నువ్వు రోజంతా తిరగడానికి వెళ్తున్నావు. నాకు నిజంగా ముచ్చటేసిన రికార్డు వేరే ఉంది. 2018లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండని రొమైన్ డ్యుమా ఫోక్స్‌వ్యాగన్ ఐడీ ఆర్ కారులో 7 నిమిషాల 57.148 సెకన్లలో ఎక్కేశాడు. అంతకుముందు సెబాస్టియన్ లోబ్ పెట్రోలు ప్యూజోతో నెలకొల్పిన రికార్డుని 16 సెకన్లు తగ్గించాడు. శిఖరం 4,300 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పలచన, ఇంజన్‌కి ఊపిరాడదు. మోటారుకి గాలితో పని లేదు. అయితే ఆ కారు బరువెంతో తెలుసా? డ్రైవరుతో కలిపి 1,100 కిలోల లోపు. 20 కిలోమీటర్లకి సరిపడా బ్యాటరీ మాత్రమే పెట్టారు మరి. కరెంటు కారైనా గెలిచిందంటే, తేలికగా ఉండబట్టి కూడా.

2023 ఫిబ్రవరిలో మన హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసులో జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్లూ డ్రైవరుతో కలిపి టన్నుకి చాలా తక్కువ. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకింగ్‌లోనే తిరిగి రాబట్టుకుంటాయి. అలా కట్టిన కార్లు అవి. షోరూమ్‌లో నీకమ్మేది పిల్లాపాపలతో తిరుపతి వెళ్ళడానికి కట్టిన కారు. అది తప్పేం కాదు, దాని పని అది.

ఇంకో మాట. నువ్వు నేర్చుకోవాలని వెళ్తున్నావా, నెగ్గాలని వెళ్తున్నావా? నేర్చుకోవాలంటే బలం తక్కువున్న బండే గురువు. ఇంజన్ రొద వింటే వేగమెంతో, ఏ గేర్లో ఉన్నావో మీటరు చూడకుండా తెలుస్తుంది. హ్యుందాయ్ వాళ్ళు అయోనిక్ 5 ఎన్ అనే కరెంటు కారులో పనిగట్టుకుని దొంగ గేర్లూ దొంగ చప్పుడూ పెట్టారంటే ఆలోచించు. స్విఫ్ట్‌లో మలుపులోకి ఎక్కువ వేగంతో వెళ్తే టైర్లు కీచుమని ముందే హెచ్చరిస్తాయి, సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. అదే తప్పు రెండు టన్నుల బండిలో చేస్తే కంప్యూటరు చాలావరకు కప్పిపుచ్చుతుంది. కప్పిపుచ్చలేని రోజున నువ్వు కంచెలో ఉంటావు. మన మామూలు ఇన్సూరెన్సు పాలసీల్లో రేసింగ్‌కీ స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదని రాసి ఉంటుంది. లక్షల బ్యాటరీకి దెబ్బ తగిలితే ఖర్చు నీదే.

పెద్ద మోడల్ బదులు చిన్నది కొంటే మిగిలే డబ్బుతో ఒక మంచి శిక్షకుడి దగ్గర రెండు రోజులు నేర్చుకో. మంచి హెల్మెట్ కొను. గన్నవరం రోడ్డు మీద మాత్రం నీ సరదా తీర్చుకోకు, అక్కడ ఆవులూ ఆటోలూ నీ ల్యాపు టైము చూడవు. ట్రాక్‌కి వెళ్ళే ముందు స్విఫ్ట్ బ్రేక్ ఆయిల్ మార్పించు. పాత ఆయిల్ తేమ పీల్చుకుని ఉంటుంది, వేడికి మరిగితే పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతుంది. ప్యాడ్లు కూడా విప్పి చూడాలి. ఎక్కడో ఇవ్వకు, సంక్రాంతికి వచ్చేటప్పుడు బండి వేసుకుని రా, నేనే మారుస్తాను.