భూమి క్రింద కాపురము

ధ్యాన భాగము: మార్కు సువార్త 5:1–20



గెరాసేనుల దేశములో మన ప్రభువు దోనె దిగగానే ఆయనకు ఎదురుగా వచ్చిన మనుష్యుని మీరందరు ఎరుగుదురు. ఈ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించితిమి. ప్రతిసారి దయ్యముల సంగతి చెప్పితిమి, పందుల సంగతి చెప్పితిమి, ప్రభువు అధికారమును గూర్చి చెప్పితిమి. అయితే ఆ మనుష్యుడు ఎక్కడ కాపురముండెనో ఆ సంగతిని ఒక్క మాటతో దాటిపోతిమి. అతడు సమాధులలో ఉండెను. రాత్రి అక్కడే, పగలు అక్కడే. బ్రదికియున్న మనిషికి చచ్చినవారి చోటు ఇల్లాయెను.

ఈ సంగతి ఇప్పుడెందుకు ఎత్తితిమనగా, గత నెలలో మా సంఘపు యౌవనస్థుడొకడు విజయవాడలో చదువుకొనుచు సెలవులకు వచ్చి, మా యింటి వసారాలో తన లాప్‌టాప్ మీద మాకొక చిత్రమును చూపెను. సినిమా అనగానే పెద్దలలో కొందరు మొగము చిట్లించుకొందురని ఎరుగుదుము. ఇది ఆటపాటల సినిమా కాదు. ఉన్న మనుష్యులను ఉన్నట్టుగా చూపు డాక్యుమెంటరీ. దాని పేరు ‘డార్క్ డేస్’, అనగా చీకటి దినములు. 2000 సంవత్సరములో బయటికి వచ్చినది. రంగులు లేవు, నలుపు తెలుపులే. మాకు తెలియని ఇంగ్లీషు మాటలను ఆ అబ్బాయి విడమరచి చెప్పెను. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు.

న్యూయార్కు పట్టణమును మీరు పటములలో చూచియుందురు. ఆకాశమునంటు మేడలు గల ఊరు. దాని పడమటి ప్రక్కను హడ్సను నది వెంబడి రివర్‌సైడ్ పార్కు అను పొడవైన తోట యున్నది. పూర్వము అక్కడ రైలు పట్టాలు బయటనే ఉండెడివి. 1930 తరువాతి సంవత్సరములలో రాబర్టు మోసెస్ అను అధికారి ఆ పట్టాలపై కప్పు వేయించి, కప్పు మీద తోటను విస్తరింపజేసెను. పైన చెట్లు, పిల్లల ఆటస్థలములు. క్రింద చీకటి సొరంగము, ఇంచుమించు రెండున్నర మైళ్ల పొడవు. 1980 దశకపు మొదట సరకుల బండ్లు ఆగిపోయెను. బండ్లు ఆగిన చోటికి ఇల్లు లేనివారు ఒక్కొక్కరుగా దిగిరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పవలెను. ఆ సొరంగపు ఉత్తరపు కొనకు దగ్గరగా, తోట ప్రక్కనే, రివర్‌సైడ్ చర్చి అను గొప్ప దేవాలయమున్నది. దాని గోపురము 392 అడుగుల ఎత్తు. అందులో 74 గంటలు గలవు. మార్టిన్ లూథర్ కింగు గారు 1967 ఏప్రిల్ 4వ తేదీన వియత్నాము యుద్ధమునకు విరోధముగా ప్రసంగించినది ఆ దేవాలయములోనే. ఆ సంఘము బీదలకు అన్నము పెట్టు సంఘమే. వారిని తప్పు పట్టుటకు మేము ఈ మాట వ్రాయలేదు. పైన 74 గంటలు మ్రోగుచుండగా క్రింద మనుష్యులు ఎలుకల మధ్య పరుండిరని మాత్రమే చెప్పుచున్నాము. వినువారికి చాలును.

క్రిందివారు ఎట్లు జీవించిరో చూచినప్పుడు మాకు ఆశ్చర్యము కలిగెను. వారు రాళ్ల మీద ఊరకనే పడియుందురని మేమనుకొంటిమి. కాదు, వారు ఇండ్లు కట్టుకొనిరి! పారవేసిన చెక్కలు తెచ్చి గోడలు నిలిపిరి. తలుపులు పెట్టిరి, తలుపులకు తాళములు పెట్టిరి. రైల్వే తీగెల నుండి కరెంటు లాగి దీపము వెలిగించుకొనిరి, పొయ్యి మీద వండుకొనిరి. ఒక గొట్టము కారుచుండగా దాని క్రింద స్నానము చేసిరి, ఆ నీళ్లు ఎంత చల్లగా ఉండునో! కుక్కలను పెంచిరి. పైన చెత్తకుప్పలు వెదకి, ఖాళీ డబ్బాలు ఏరి అప్పగించి, డబ్బా ఒక్కంటికి 5 సెంట్లు సంపాదించుకొనిరి. ఒకడు తన గుడిసెలో చేరినవారు శుభ్రముగా ఉండుట లేదని సణుగుచుండును. సూర్యుడు కనబడని చోట నేల శుభ్రము కొరకు సణుగుడు! మా యింట అమ్మగారు ఆ భాగము చూచి, ‘ఇది మన ఇంటి మాటే’ అని నవ్వెను, తరువాత కన్నీళ్లు తుడుచుకొనెను.

పట్టణములో బీదలు పరుండుటకు స్థలము లేదా అని మీరడుగవచ్చును. ఉన్నది. 1981లో కోర్టులో జరిగిన ఒప్పందము ప్రకారము, అడిగిన ప్రతి పురుషునికి రాత్రి పడక ఇయ్యవలసిన బాధ్యత ఆ పట్టణము మీద పడినది. పాత సైనిక భవనములలో వందలకొలది మంచములు వరుసగా వేసిరి. అయినను అనేకులు అక్కడికి పోక సొరంగమునకే వచ్చిరి. అక్కడ దొంగతనములు, కొట్లాటలు. తల క్రింద పెట్టుకొన్న చెప్పులు తెల్లవారునప్పటికి ఉండునో ఉండవో తెలియదు. పడక దొరికెను గాని తలుపు దొరకలేదు. తనదని చెప్పుకొనుటకు, లోపలి నుండి గడియ వేసికొనుటకు ఒక తలుపు కొరకు మనిషి భూమి క్రిందికైనను దిగును. ఈ సంగతి మేము ఇదివరకు ఆలోచింపలేదు.

వారు నీతిమంతులని మేము చెప్పుట లేదు. వారిలో అనేకులు క్రాక్ అను మత్తుమందుకు దాసులు. దానిని పీల్చుట చిత్రములో దాచకుండ చూపిరి. కొందరు చెరసాలలో ఉండి వచ్చినవారు. ఒక తల్లి అగ్నిప్రమాదములో తన బిడ్డలను పోగొట్టుకొనెను, ఆ మాట చెప్పునప్పుడు ఆమె ముఖము చూడలేకపోతిమి. మత్తు ముందు వచ్చెనా, దుఃఖము ముందు వచ్చెనా? తీర్పు తీర్చుట మన పని అయితే కదా తెలిసికొనవలెను.

చిత్రము తీసినవాడు మార్కు సింగర్ అను ఇంగ్లాండు దేశపు యౌవనస్థుడు. అంతకు ముందు అతడు ఒక్క చిత్రమైనను తీసినవాడు కాడు. క్రిందికి దిగి వారితో కాపురముండెను. చిత్రము తీసి ఆ సొమ్ముతో మనము పైకి పోవుదమను ఆలోచన ఆ సొరంగపువారిలో నుండియే పుట్టినది. పనివారు కూడ వారే. దీపములు పట్టినవారు వారే. కెమెరా నడుపుటకు పట్టాల మీద బండి చేసినవారు వారే. సింగర్ తన సొమ్మంతయు దీనికే ఖర్చు పెట్టెను. సండాన్స్ అను చిత్రోత్సవములో ఆ యేడు దీనికి మూడు బహుమానములు వచ్చెను. మాకు బహుమానముల కంటె, ఆ మనుష్యుడు పై నుండి వంగి చూచిపోక వారితో పరుండెననుటయే పెద్ద సంగతిగా తోచెను.

ఇప్పుడు మన వాక్యభాగమునకు వత్తము. సమాధులలోని మనుష్యునికి ఊరివారు ఏమి చేసిరి? సంకెళ్లు తెచ్చిరి. మార్కు దానిని పలుమారులు చెప్పుచున్నాడు: కట్టిరి, అతడు తెంచెను, మరల కట్టిరి, మరల తెంచెను. ఊరికి తెలిసిన వైద్యము ఇనుము ఒక్కటే. అతని పేరు అడిగినవాడు మన ప్రభువు. స్వస్థపడిన పిమ్మట అతడు ఆయన వెంట వచ్చెదనని బ్రతిమాలుకొనినను ప్రభువు ఒప్పుకొనక అతనిని ఇంటికి పంపెను. ఎందరినో తన వెంట రమ్మని పిలిచిన ప్రభువు, ఇతనిని ఇంటికి పొమ్మనెను. ఏలయనగా అతనికి లేనిది ఇల్లే.

సొరంగములోను అట్లే జరిగెను. 1991లో ఆమ్‌ట్రాక్ అను రైలు సంస్థ ప్రయాణికుల బండ్లను ఆ మార్గమున మరల నడుపసాగెను. తరువాత కొంత కాలమునకు, మీరు లేచి పోవలెనని ఆ సంస్థ పోలీసులు క్రిందివారికి చెప్పిరి. ఎక్కడికి పోవుదురు? మరియొక సొరంగమునకు పోవుదురు. అప్పుడు ఇల్లు లేనివారి పక్షమున పనిచేయు ఒక సంఘమువారును, సింగరును కలిసి అధికారులతో మాటలాడిరి. గృహ నిర్మాణ మంత్రిగా నుండిన హెన్రీ సిస్నెరోస్ గారి శాఖ నుండి అద్దె చీటీలు వచ్చెను. ఆ చీటీ గలవాడు తన రాబడిలో నూటికి సుమారు 30 వంతులు అద్దె కట్టును. మిగిలినది ప్రభుత్వము కట్టును. దానము కాదు, భిక్షము కాదు. ఒక తాళపుచెవి.

ఆ తరువాత చూచినది మేము మరువలేము. ఏండ్ల తరబడి కాపురమున్న గుడిసెలను వారు తామే సుత్తులతో పగులగొట్టిరి, నవ్వుచు, కేకలు వేయుచు పగులగొట్టిరి. ‘వారికి అక్కడ ఉండుటయే ఇష్టము, ఏమి చేసినను పైకి రారు’ అని ఎందరు అనియుందురో! బీదలను గూర్చి మనమును ఆ మాట అనుచుందుము. చివరకు వారు పై యిండ్లలో కనబడిరి. కిటికీ ఉన్నది. కిటికీలో వెలుతురున్నది.

ముందు మత్తు మానవలెను, ముందు బుద్ధి తెచ్చుకొనవలెను, తరువాత ఇల్లు ఇత్తుమని అనుట లోకరీతి. అదే న్యూయార్కులో 1992లో సామ్ త్సెంబెరిస్ అను మనస్తత్వశాస్త్ర పండితుడు దీనికి తలక్రిందుగా ఒక పని ప్రారంభించెను. మనస్సు చెడి వీధిన పడినవారికి ముందు ఇల్లు ఇచ్చెను, తరువాత మందు. 2000లో అచ్చైన పరిశోధన ప్రకారము, ఐదేండ్లకు అట్టివారిలో నూటికి 88 మంది ఇండ్లు నిలుపుకొనిరి. ముందు బాగుపడుమను పాత పద్ధతిలో నిలిచినవారు 47 మందే. ఈ లెక్క చదివినప్పుడు మాకు జక్కయ్య జ్ఞాపకము వచ్చెను. అతడు సగము ఆస్తి బీదలకిచ్చిన తరువాత ప్రభువు అతని యింటికి వచ్చెనా? రాలేదు. ముందు వచ్చెను. మేము సెమినరీలో కృపను గూర్చి పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి గాని, ఈ వరుసను ఇంత స్పష్టముగా అప్పుడు చూడలేదు.

గెరాసేనులు మాత్రము వేరొక లెక్క చూచుకొనిరి. ఇంచుమించు 2000 పందులు నీళ్ల పాలాయెను. సమాధులవాడు బట్టలు తొడిగి, బుద్ధి కలిగి కూర్చుండుట కన్నులార చూచియు, వారు భయపడి, తమ ప్రాంతము విడిచిపొమ్మని ప్రభువును బ్రతిమాలిరి. ఒక మనిషి దొరికెను, పందులు పోయెను. వారికి అది నష్టముగా కనబడెను.

ఇక మా సంగతి. దాచుకొనుట న్యాయము కాదు. రెండేండ్ల క్రిందట వర్షాకాలములో, ఎక్కడివాడో తెలియని మనుష్యుడొకడు మన దేవాలయపు వసారాలో పది రాత్రులు పరుండెను. త్రాగిన వాసన వచ్చెడిది. హార్మోనియము పోవునని ఒకరు, కానుకల పెట్టె పోవునని ఒకరు, తెల్లవారుజామున ప్రార్థనకు వచ్చు స్త్రీలు భయపడుదురని ఒకరు చెప్పిరి. మేము అతనిని నోటితో పొమ్మనలేదు. చందా వేసి, వసారాకు ఇనుప గ్రిల్లు పెట్టించి, తాళము వేసితిమి. ప్రార్థన చేసి మరీ వేసితిమి. ఆ సాయంకాలము అతడు వచ్చి, ఆ తాళమును కొంతసేపు చూచి, బస్సుల రోడ్డు వైపు నడిచిపోయెను. మేము మా యింటి కిటికీ నుండి చూచితిమి. పిలువలేదు.

చిత్రము ముగిసిన పిమ్మట ఆ అబ్బాయి లాప్‌టాప్ మూసి, ‘అయ్యగారూ, మన గుడి వసారాలో పడుకున్నాయన పేరేమిటండీ?’ అని అడిగెను. పది రాత్రులు అతడు మా గుమ్మమునకు ఇరువది అడుగుల దూరములో పరుండినను, మేము అతని పేరు అడిగియుండలేదు.

వచ్చు శనివారము సాయంకాలము సంఘ పెద్దల కూటము ఉన్నది. గ్రిల్లు తాళము సంగతి అక్కడ మరల ఎత్తుదుము. హార్మోనియమును మా యింటిలో పెట్టవచ్చును, కానుకల పెట్టెను కోశాధికారి గారి యింటిలో పెట్టవచ్చును, ప్రార్థనకు వచ్చు స్త్రీలకు మా యింటి ముందరి గదిని విడువవచ్చును. స్త్రీల సమాజమువారు కూడ వచ్చి తమ మాట చెప్పవలెనని కోరుచున్నాము, భయము వారిదే గనుక. తాళపుచెవి అంతవరకు మా యింటి తలుపు ప్రక్క మేకునకే ఉండును.