దేహాలయ సంరక్షణము

వంశధార సముద్రమున గలియు కళింగపట్నపు తీరమున వేకువజామున రెండు తెగల జనులు కానవత్తురు. ఒకరు వలలు లాగు బెస్తలు. వేరొకరు బరువు తగ్గవలెనను వైద్యుని మాటపై దీపస్తంభము చెంత నడచువారు. మొదటివారికి శ్రమ జీవనము, రెండవవారికి అదియే ఔషధము.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, ఆంధ్రప్రదేశమున 15–49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో 31 మంది మితిమీరిన బరువు గలవారు. కాని లోకము వీరికి చేయు వైద్యమేమి? పరిహాసము! స్థూలకాయను జూచి నవ్వెదరు. పెండ్లిచూపుల భయముతో కన్య అన్నము మానును. నిందవలన కొవ్వు కరుగదు, మనసు మాత్రము కుంగును.

12వ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శింపజేసెను. ఇష్టలింగము నెలకొన్న ఆలయమును పెద్దదనియో చిన్నదనియో నవ్వుట శివాపరాధము. అట్లని గోడలు బీటలు వారుచుండ చూచుచు గూర్చుండుటయు అపరాధమే. పురుషునికి 90, స్త్రీకి 80 సెంటీమీటర్లు మించిన నడుము చుట్టుకొలత మధుమేహమునకు, రక్తపోటునకు ముందస్తు హెచ్చరిక. అది సిగ్గుపడుటకు గాదు, మేలుకొనుటకు.

ప్రసాదమును పారవేయరాదని మన నియమము. బంతిలో "చాలు" అనక వడ్డించుకొని, పిదప ఆ నియమమునే సాకుగా జెప్పి కడుపు బరువెక్కునట్లు భుజించువారు కలరు. నియమము ఆకును ఊడ్చుటతో గాదు, వడ్డనతోనే మొదలగును. మితముగా గొన్నదే ప్రసాదము. మీరినది జిహ్వకు నైవేద్యము. ఆకలిగొన్న దేహమునకు అన్నము నిరాకరించుటయు ప్రసాదమును ద్రోయుటయే. పెద్దలు త్రాగిన చోడి అంబలి, కాయకమున చిందిన చెమట — ఈ రెండును నేటికిని విడువదగినవి కావు.

వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు శాకాహారియై, ప్రాణాయామ వ్యాయామములచే ఏనుగును ఛాతిపై నిలుపుకొనిన మల్లుడు. కలియుగ భీముడని లోకము కొనియాడెను. అట్టి వానికిని తుదకు వ్యాధిచే కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఆయన కన్నుమూసెను. అందుచే ఆయన సాధన వ్యర్థమనరాదు. దృఢదేహమైనను గర్వింపదగినది కాదనియు, దుర్బలదేహమైనను ఏవగింపదగినది కాదనియు ఆ జీవితము బోధించుచున్నది.

కావున అద్దము నడిగి దుఃఖింపక, పరుల దేహములను తూచక, అర్చకుడు గుడిని ఊడ్చినట్లు ప్రతిదినము తన దేహమును శుచిగా, చురుకుగా నుంచుకొనువాడే శరణుడు. ఆలయము శాశ్వతము గాకపోవచ్చును; అందు దీపము వెలుగుచున్నంత కాలము దాని సేవ మానరాదు.