గొంతు అలసిపోతుంది, డబ్బా అలసిపోదు

మా దాదీకి వినికిడి తగ్గింది. ఒక సాయంత్రం ఇంట్లో పాటలు పెట్టి ఉంటే, గోడకు ఆనుకుని కూర్చున్న ఆమె తలెత్తి "ఎవరు పాడుతున్నారు?" అని అడిగింది. "ఎవరూ లేరు దాదీ, డబ్బా పాడుతోంది" అన్నాను. "పొద్దటి సంది పాడుతున్నది గదా, దానికి నీళ్లు ఎవరిస్తరు?" అంది. ఇంట్లో అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఎగతాళికి అందో, నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు డబ్బా సంగతి చెప్పాలి. జఫర్‌గఢ్ మండలంలో మాదొక చిన్న తండా. రెండేళ్ల కిందట పత్తి డబ్బులు చేతికి వచ్చాక తమ్ముడూ నేనూ హనుమకొండ వెళ్లి బ్లూటూత్ ఆంప్లిఫయర్ ఒకటి కొన్నాం. అన్నం డబ్బా అంత ఉంటుంది. రెండు వేలకు లోపే. అటక మీద పడి ఉన్న పాత హోమ్ థియేటర్ స్పీకర్లు రెండు దించి, దుమ్ము దులిపి, తీగలు కలిపాం. ఫోన్‌లో పాట నొక్కితే ఇల్లంతా నిండింది. తమ్ముడి ముఖం చూడాల్సింది అప్పుడు. రోజంతా వంగి పత్తి ఏరి వచ్చినవాడు, కాళ్లు చాపి, కళ్లు మూసుకుని ఎడమ పక్క నుంచి డప్పు, కుడి పక్క నుంచి గొంతు విడివిడిగా వింటున్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని వినే పాటకూ దీనికీ పోలికే లేదు. కూలివాడికి ఇంత మంచి శబ్దం ఎందుకు అనేవాళ్లతో నాకు మాటల్లేవు. ఆ సంతోషం న్యాయమైనదే. నా ప్రశ్న ఆ తరువాత మొదలవుతుంది.

డబ్బా మీద 300 వాట్లు అని అచ్చు వేసి ఉంది. పదో తరగతి పిల్లలకు విద్యుత్తు పాఠం చెప్పేటప్పుడు దాన్నే బడికి పట్టుకెళ్లాను. దానితో వచ్చిన అడాప్టర్ మీద 12 వోల్టులు, 3 ఆంపియర్లు అని రాసి ఉంది. రెండూ గుణిస్తే 36 వాట్లు. లోపలికి 36 పోతుంటే బయటికి 300 ఎలా వస్తుందని ఒక అమ్మాయి అడిగింది. రాదు. ఇలాంటి చిన్న ఆంప్లిఫయర్లు డి తరగతివి, శక్తిని పెద్దగా వృథా చేయవు. అయినా నాలుగు ఓమ్‌ల స్పీకర్లు పెడితే ఒక్కో పక్కకు 16 వాట్ల దాకా రావచ్చు, అంతే. పిల్లలు అట్ట మీద 300 కొట్టేసి 32 అని రాశారు. అమ్మేవాడి అంకెను నమ్మకుండా లెక్క వేసుకోవడం నేర్చుకున్నారని ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది.

మిగతా సగం లెక్క నేను వేసుకోలేదు. 16 వాట్లే కదా, ఎవరికి ఇబ్బంది అనుకున్నాను. చెవి లెక్క వేరు. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 88 డెసిబెల్‌ల మోత ఇచ్చే స్పీకర్ మామూలు స్పీకరే. వాట్లు రెట్టింపు చేసిన ప్రతిసారీ మూడేసి డెసిబెల్‌లు పెరుగుతాయి. 16 వాట్ల దగ్గర అది 100. ఆరుబయట దూరం రెట్టింపు అయినప్పుడల్లా ఆరు తగ్గుతాయి. ఎనిమిది మీటర్ల దూరంలో, అంటే మా పక్కింటి గడప దగ్గర, ఇంకా 80 పైనే. గోడ కొంత ఆపుతుంది, నిజమే. కానీ గోడ ఆపేది గొంతునూ సన్నాయినీ. కింది స్వరం, ఆ ధమ్ ధమ్, గోడ దాటిపోతుంది. రేకుల ఇళ్లయితే రేకు కూడా దానితో పాటు మోగుతుంది. అంటే నేను పాట వింటున్నాను, పక్కింటివాళ్లు పాట లేని దరువు వింటున్నారు.

ఆ పక్కింట్లో ఉండేది నాకు వరసకు కాకా. డెబ్బై దాటిన మనిషి. ఎండాకాలంలో ఆయన మంచం మా రెండిళ్ల మధ్య ఖాళీలో ఉంటుంది, ఎప్పటినుంచో. డబ్బా వచ్చిన ఎండాకాలం, ఒక రాత్రి చూస్తే మంచం ఆయన ఇంటి అవతలి పక్కకు పోయింది. గాలి కోసమేమో అనుకున్నాను. ఇంకో పది రోజులకు వీధి చివర వేపచెట్టు కిందికి పోయింది. అడిగితే, "ఇక్కడ చల్లగుంటది బేటా" అన్నాడు. ఒక్క మాట అనలేదు. ఎలా అంటాడు? ఆయన పింఛను కాగితాలు నింపింది నేను. మనవడి హాస్టల్ సీటు కోసం తిరిగింది నేను. తండాలో చదువుకున్నవాడిని, జీతం ఉన్నవాడిని. అట్లాంటివాడి ఇంట్లో మోగే డబ్బాను తగ్గించమని అడగడానికి ఆ వయసులో ఆయన నోరు రాలేదు. ఆయన ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోలుగా లెక్క కట్టాను. ఎదుటివాడు అడగలేని చోట అతని మౌనాన్ని సమ్మతి అనుకోవడం ఎంత సులువో నాకు ఆ మంచం చూస్తే గానీ తెలియలేదు. నిజానికి ఈ దెబ్బ మనకు కొత్త కాదు. మన పెద్దల మౌనాన్ని దొరలూ సాహుకార్లూ ఇట్లాగే చదివారు.

చట్టం సంగతి టూకీగా చెప్తాను. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా, మాట్లాడే స్వేచ్ఛ ఉన్నంత మాత్రాన వినమని ఎవరినీ బలవంతపెట్టే హక్కు రాదని చెప్పింది. మంచిదే. కానీ మా కాకా పోలీస్‌స్టేషన్‌కు పోడు, పోవాలని నేనూ కోరుకోను. పట్టించుకునే పోలీసు లేని చోట, కొలిచే యంత్రం లేని చోట కూడా తప్పు తప్పేనా అన్నది చట్టం చెప్పగల విషయం కాదు.

ఈ గొడవ మీద జర్మన్ తత్వవేత్త కాంట్ కొంత ఆలోచించాడు. 1790లో వచ్చిన గ్రంథంలో సంగీతానికి మర్యాద తక్కువ అంటాడు. నచ్చని బొమ్మ నుంచి చూపు తిప్పుకోవచ్చు, చెవిని అలా తిప్పుకోలేం. అత్తరు పూసిన రుమాలు జేబులోంచి తీస్తే పక్కవాళ్లంతా ఆ వాసన పీల్చక తప్పనట్టే ఇదీ అన్నాడు. చదవగానే నాకు కాకా మంచం గుర్తొచ్చింది, కాంట్ మాట సరైనదే అనిపించింది. కానీ ఆయన ఈ మాటకు వచ్చిన దారి కూడా తెలుసుకోవాలి. ఆయన ఇంటికి దగ్గర్లో జైలు ఉండేది. ఖైదీలు గట్టిగా భక్తి పాటలు పాడుతుంటే తన పని సాగడం లేదని 1784లో ఊరి పెద్దకు ఉత్తరం రాశాడు. కిటికీలు మూసుకుని పాడేట్టు చూడమన్నాడు.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ కథలో మనం ఎవరం? లోకం మనల్ని కూర్చోబెట్టింది ఖైదీల పక్కనే కదా. మన పాటను గోల అన్నారు, మన నంగారాను మోత అన్నారు. పట్నంలో అద్దె ఇంట్లో మన భాషలో కాస్త గట్టిగా మాట్లాడితే ఓనరు గుమ్మంలోకి వచ్చి నిలబడతాడు. అదే వీధిలో పెళ్లి బరాత్ అర్ధరాత్రి దాకా పోతే ఎవరూ రారు. నా దగ్గర చదివిన కుర్రవాడు ఒకడు ముఖం మీదే అడిగాడు: "సార్, వాళ్ల డీజేలకు లేని నీతి మన తండా డబ్బాకెందుకు?" వాడి కోపంలో నిజం ఉంది. హైదరాబాద్‌లో కూడా ఊరేగింపుల్లో డీజేలను పోలీసులు నిషేధించింది 2024 అక్టోబరులో. అంతవరకు వాళ్లవి ఎంత మోగాయో అందరికీ తెలుసు. శబ్దం మీద నీతి ఎప్పుడూ బలం లేనివాడికే ముందు గుర్తు చేస్తారు.

అయినా వాడికి నేను చెప్పిన జవాబు ఇది. నీ డబ్బా ఆ పట్నం ఓనరుకు వినబడదు. అది వినబడేది కాకాకు, పక్కింటి బాలింతకు, రేపు పరీక్ష ఉన్న నీ చెల్లెలికి. కోపం ఒకరి మీద, మోత ఇంకొకరి మీద. వాడు ఒప్పుకోలేదు. మాట మారుస్తున్నానన్నాడు. కొంత మార్చానేమో కూడా.

మళ్లీ దాదీ అడిగిన నీళ్ల దగ్గరికి వస్తాను. మన పాటకు హద్దు ఎవరు పెట్టేవారు? తీజ్ పండుగ తొమ్మిది రోజులు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, పాడుకుంటూ నీళ్లు పోస్తారు. రాత్రిళ్లు చుట్టూ తిరిగి, వంగి లేచి, చప్పట్లు కొడుతూ పాడతారు. ఆ పాట ఎప్పుడు ఆగుతుందో ఏ చట్టమూ చెప్పనక్కరలేదు. గొంతు ఎండుతుంది, కాళ్లు నొస్తాయి, ఒకామె బిడ్డ ఏడుస్తుంది, ఇంకొకామె పొద్దున్నే కూలికి పోవాలంటుంది. పాడేవాళ్లే వినేవాళ్లు, వాళ్లే అలసిపోయేవాళ్లు. పాటతో పాటే హద్దు కూడా ఒంట్లోనే ఉండేది. డబ్బాకు ఒళ్లు లేదు. కరెంటు ఉన్నంతసేపు పాడుతుంది. ఒంట్లో ఉన్న హద్దు పోయిందంటే దాన్ని ఇంకెక్కడో పెట్టుకోవాలి, పెట్టుకునే చోటు మీట తిప్పే చేయి ఒక్కటే. ఒకప్పుడు పాడటానికి పదిమంది ఒప్పుకోవాలి. ఇప్పుడు ఒక్కడి వేలు చాలు.

ఇంకో సంగతి చెప్పక తప్పదు, అది నాకు కష్టమైనది. మా చిన్నమ్మ కూతురి పెళ్లిలో, పిల్లను అత్తారింటికి పంపే వేళ పాడే ఢావ్లో నేను ఫోన్‌లో రికార్డు చేశాను. పెళ్లికూతురు ఏడుస్తూ పాడుతుంది, పుట్టింటిని పేరుపేరునా తలుచుకుంటుంది. మా దాదీ ఆమె మెడ పట్టుకుని అందుకుంది. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఆ పాట తెలిసిన ముసలివాళ్లు పోతున్నారు. దాచుకోవాలన్న ఆత్రం నాది. ఒక ఆదివారం ఆంప్లిఫయర్‌లో పెట్టాను, దాదీ సంతోషిస్తుందనుకుని, ఆమెకు వినబడేంత గట్టిగా. రెండు నిమిషాలు విన్నది. "ఆపు" అంది. "ఇప్పుడెవరు పోతున్నరు ఇంట్లో నుంచి?" అంది. అప్పటికే వీధిలో ఇద్దరు ఆడవాళ్లు కంగారుగా గడప దాకా వచ్చారు, మా ఇంట్లో ఏమైందోనని.

ఆ రోజు ఫైలు చెరిపేద్దామనుకున్నాను. చెరపలేదు. అందుకు కారణం ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలు మీద సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతు ఒకటి పోతే ఎంత పోతుందో మేడారం దారిలో నడిచే ప్రతి కోయ బిడ్డకూ తెలుసు. రికార్డు అక్కర్లేదని నేను అనలేను. దాదీ కూడా దాచొద్దని అనలేదు. ఆమె అడిగింది వేళ గురించి. విత్తనాలు దాచుకుంటాం, దాచినవి మాఘమాసంలో చల్లం. ఢావ్లోను రేపు నేర్చుకోవాలనుకునే పిల్లకు వినిపించొచ్చు, పక్కన కూర్చుని, చిన్నగా, ఇది ఎప్పుడు పాడతారో చెప్పి. ఆదివారం పొద్దుపోక వీధికంతా వినిపించడం వేరు. ఎప్పుడంటే అప్పుడు మోగించగలగడం, మోగించే హక్కు ఉండటం ఒకటే అని నేను పొరబడ్డాను.

ఇప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నామో చెప్తాను, గొప్ప కోసం కాదు, ఎవరికైనా పనికొస్తుందని. స్పీకర్లను వీధి గోడ మీద నుంచి తీసి, మేం కూర్చునే చోటికి దగ్గరగా, చెవుల ఎత్తులో పెట్టాం. దగ్గరగా ఉంటే తక్కువ మోతతోనే బాగా వినబడుతుంది, పైగా ఎడమా కుడీ తేడా అప్పుడే సరిగా తెలుస్తుంది. గోడకు ఆనిస్తే కింది స్వరం ఉబ్బుతుంది కాబట్టి జానెడు ఎడంగా జరిపాం, కింద పాత సంచి మడిచి వేశాం. మీట సగం కన్నా ముందే ఆగేచోట తమ్ముడు తెల్ల రంగుతో గీత పెట్టాడు. వాడే అప్పుడప్పుడు గీత దాటిస్తాడు. గొడవ పడతాం.

కాకా దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాను. "ఏం లేదు బేటా, పాటలు బాగనే ఉంటయి" అన్నాడు. అది నిజమో మర్యాదో తెలుసుకునే దారి నేనే మూసుకున్నాను. మంచం మాత్రం ఇంకా వేపచెట్టు కిందే ఉంది.

మొన్న శ్రావణంలో తీజ్‌కు ఆడపిల్లలు వచ్చి ఆంప్లిఫయర్ అడిగారు. ఇచ్చాను. తొమ్మిది రోజుల్లో ఏ రోజు పెట్టాలో, ఎప్పుడు ఆపాలో నాయక్‌నో నన్నో అడగకుండా వాళ్లే కూర్చుని మాట్లాడుకున్నారు. నీళ్లు పోసేటప్పుడు వద్దన్నారు, ఆఖరి రోజు ఊరేగింపుకు కావాలన్నారు. ఒక అమ్మాయి రోజూ కావాలంది, ఆమె మాట నెగ్గలేదు, రెండు రోజులు అలిగింది. మూడో రాత్రి చీకట్లో బుట్టల చుట్టూ వాళ్లు గొంతెత్తి పాడుతుంటే దాదీ నా భుజం పట్టుకుని అక్కడికి నడిచింది. ఎవరు పాడుతున్నారని అడగలేదు. కాసేపటికి చెంబు ఇమ్మని చేయి చాపింది.