మరమ్మతు తర్వాత 110 మైళ్లు

కొత్తగా ప్రయాణం కట్టడానికి ఉత్సాహం చాలు. నడుమ ఆగిపోయిన ప్రయాణాన్ని మళ్లీ మొదలుపెట్టాలంటే ఇంకేదో కావాలి. ఆ ఇంకేదో ఏమిటన్న ఆలోచన యూటా రాష్ట్రంలోని గ్రీన్ రివర్ అనే చిన్న ఊళ్లో పట్టుకుంది నన్ను.

డెన్వర్ నుంచి, ఇల్లులా వాడుకునే మా ఆర్వీ బండిలో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కుకు బయల్దేరాం. వేల ఏళ్ల వయసున్న బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లను చూడాలని మా ఆయన కోరిక. కొలరాడోలో 11,000 అడుగులు దాటిన ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగాన్ని కూడా మా బండి కిక్కురుమనకుండా దాటేసింది. అన్ని కొండలూ ఎక్కి దిగాక, చదునైన ఎడారిలో వేడి చూపే ముల్లు పైకి లేచింది, బానెట్ కింద నుంచి ఆవిరి చిమ్మింది. లారీ మీదికి ఎక్కించి ఊళ్లోకి తెచ్చారు.

పోయింది వాటర్ పంపు. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, అంటే కూలెంట్‌ను, దాని చుట్టూ తిప్పేది అదే. లోపలి సీలు అరిగినప్పుడు అడుగునున్న చిన్న రంధ్రం గుండా చుక్కలు కారతాయి. విషయం ముందే తెలియాలని కావాలని పెట్టిన రంధ్రమది. పాత పంపును చేతిలో పట్టుకుని మెకానిక్ ఆ రంధ్రం చూపిస్తుంటే, ఇంత బరువైన వస్తువు అంత చిన్న నోటితో చెప్పుకుంటుందా అనిపించింది.

కొత్త పంపు వచ్చేదాకా ఊళ్లోనే ఉండిపోయాం. అది పుచ్చకాయలకు పేరుపడ్డ ఊరు. రోజూ ఒక కాయ కోసుకునేవాళ్లం. ఊరి పక్కనే పారే గ్రీన్ నది ఒడ్డున అన్వేషకుడు జాన్ వెస్లీ పావెల్ పేరిట ఒక మ్యూజియం ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్న పావెల్ 1869 మేలో తొమ్మిది మందిని వెంటబెట్టుకుని, నాలుగు పడవల్లో ఈ నది మీదనే, ఎగువన వయోమింగ్‌లో బయల్దేరాడు. కొన్ని వారాలకే ఒక పడవ రాళ్లకు కొట్టుకుని ముక్కలైంది. తిండి సామాను చాలా భాగం పోయింది. అయినా అతని బెంగంతా ఆ పడవలో ఉన్న బారోమీటర్ల మీదే. అవి లేకపోతే తామున్నచోటు ఎంత ఎత్తో కొలవడం కుదరదు. నీళ్లలో ఇరుక్కున్న పడవ ముక్కలోంచి వాటిని తీయించాకే ముందుకు సాగాడు. ఈ కథ చెప్పే మ్యూజియం గోడల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. నష్టం జరిగాక ముందుకు పోవాలంటే, ఏం పోయిందన్న లెక్క కన్నా, ఏం జరుగుతోందో నిజం చెప్పే సాధనం ఒకటి చేతిలో ఉందా లేదా అన్నది ముఖ్యం.

డల్లాస్ నుంచి అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, బండి అక్కడే అమ్మేసి వచ్చెయ్యండి. మళ్లీ ఆగిపోతే ఆ ఎడారిలో ఎవరుంటారు?" అన్నాడు. వాడి భయానికి ఆధారం ఉంది. గ్రీన్ రివర్ నుంచి పడమరగా సలైనా వరకు ఇంటర్‌స్టేట్ 70 మీద దాదాపు 110 మైళ్లు పెట్రోలు బంకు లేదు, హోటలు లేదు, ఊరు లేదు. అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్లన్నిటిలోనూ ఇంత పొడవున ఏ సదుపాయమూ లేని దారి ఇంకొకటి లేదు. మరమ్మతయిన బండికి మొదటి పరీక్ష అదే. ఊరు దాటిన కాసేపటికే శాన్ రాఫేల్ స్వెల్ అనే రాతి గుట్టల ఎక్కుడు మొదలవుతుంది.

"పూర్తిగా బాగయినట్టేనా?" అని మా ఆయన అడిగితే మెకానిక్ ఔననలేదు. పంపు కొత్తది, బెల్టు కొత్తది, కానీ గొట్టాల్లో గాలి బుడగలు మిగిలి ఉండొచ్చు, నడుస్తున్న కొద్దీ అవి బయటికొచ్చి కూలెంట్ మట్టం తగ్గుతుంది, సలైనాలో ఆగి ఇంజన్ చల్లారాక మూత తీసి చూడండి అన్నాడు. గట్టిగా భరోసా ఇచ్చి ఉంటే నాకు ఇంత ధైర్యం వచ్చేది కాదు.

బండి కదిలిన మొదటి కొన్ని మైళ్లూ నేను రోడ్డు చూడలేదు. ముల్లునే చూశాను. ఎప్పుడూ వినని చప్పుళ్లన్నీ వినిపించాయి. "ఏమండీ, కాస్త పైకి జరిగిందా?" అన్నాను. "లేదు. నువ్వలా చూస్తూ కూచుంటే నాకు దారి మీద చూపు నిలవదు" అన్నారాయన. అప్పుడు ఒప్పందం చేసుకున్నాం. ఎక్కుడు మొదట్లో ఒకసారి, పైకి చేరాక ఒకసారి, ఆగే చోట ఒకసారి, అంతే చూడాలి. భయానికీ జాగ్రత్తకూ తేడా అక్కడ నాకు కంటికి కనిపించింది. భయం క్షణక్షణం చూస్తుంది, ఏమీ తెలుసుకోదు. జాగ్రత్త వేళకు చూసి, తెలుసుకుని, మిగతా వేళ లోకాన్ని చూడనిస్తుంది. పాడవకముందు మాకు బండి మీద ఉన్నదాన్ని నమ్మకమనుకునేదాన్ని. దాని గురించి ఎన్నడూ ఆలోచించకపోవడమే అది. పంపు ఎలా పనిచేస్తుందో, ఎలా చెడుతుందో తెలిశాక, చెడే వీలుందని ఒప్పుకున్నాక కలిగిందే నమ్మకం.

ఆ గుట్టల్లోని స్పాటెడ్ వుల్ఫ్ కనుమ దగ్గర ఎక్కుడు నిటారుగా ఉంటుంది. 1970లో రోడ్డు తెరవకముందు అక్కడ మనిషి చేతులు చాపితే రెండు పక్కల రాతిగోడలూ అందేవట. సగం ఎక్కేసరికి ఇంజన్ హోరు పెరిగింది, ముల్లు కాస్త కదిలింది. ఏసీ ఆపి హీటరు వేశాం. అలా చేస్తే ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ఆగస్టు ఎండలో చెమటలు కక్కుతూ, కిటికీలు దించుకుని, ఆ ఎర్రటి గోడలను తనివితీరా చూశాను. పైకి చేరాక ముల్లు తన చోటికి వచ్చింది.

సాయంత్రానికి సలైనా చేరాం. మర్నాడు పొద్దున్నే మూత తీసి చూస్తే కూలెంట్ గీతకు వేలెడు కింద ఉంది, మెకానిక్ చెప్పినట్టే. పోశాం, మూత బిగించాం, 50వ నంబరు రోడ్డు పట్టి నెవాడా వైపు సాగాం.