పచ్చ తీగె

ఇంట్లో ఏదైనా చెడిపోతే మెకానిక్కు కోసం కబురు పెట్టేవాళ్ళు కొందరు. స్క్రూడ్రైవరు కోసం సొరుగులన్నీ వెతికేవాళ్ళు మరికొందరు. నేను రెండో కోవకు చెందినవాణ్ణి. ఇది నాకు పిత్రార్జితం. మా నాన్నగారు గొడుగు ఊచ విరిగితే సైకిలు చువ్వ వేసేవారు. పడక్కుర్చీ గుడ్డ చిరిగితే గోనెసంచీ కుట్టేవారు. తాళం పట్టేస్తే కొబ్బరినూనె వేసి, దాంతో కాసేపు మాట్లాడి, దారికి తెచ్చేవారు. "పారేయడం ఎవడికైనా చేతనవుతుందిరా" అనేవారు. ఆ మాట నా నరాల్లో ఉంది.

అంచేత మా ఇంట్లో గ్రైండరు మొండికేసినప్పుడు నాకు లోలోపల సంతోషమే కలిగింది. స్విచ్చి వెయ్యగానే ఇల్లంతా చీకటయ్యేది. మెయిన్ బోర్డులో ఉన్న ఆర్‌సీసీబీ అనే పరికరం టక్కున కిందికి పడిపోయేది. మళ్ళీ పైకి ఎత్తితే నిలబడేది, గ్రైండరు వేస్తే పడేది. పప్పు నానబోసి మా ఆవిడ నిలబడి ఉంది.

"ఏవండీ, ఎవరినైనా పిలవరాదూ?" అంది.

"ఈ మాత్రానికి మనుషులెందుకు?" అన్నాను. ఇలాంటప్పుడు నా గొంతు అచ్చం మా నాన్నగారి గొంతులా ఉంటుందిట.

గంటసేపు కుస్తీ పట్టాను. ఒక్కొక్క తీగే విప్పి చూశాను. మూడు తీగెలున్నాయి. కపిలవర్ణం తీగె కరెంటు తెచ్చేది. నీలం తీగె తిరిగి పట్టుకుపోయేది. మూడోది పచ్చది. పచ్చ అంటే మన భాషలో ఆకుపచ్చా అవుతుంది, పసుపుపచ్చా అవుతుంది. ఈ తీగె మీద ఆ రెండు చారలూ ఉంటాయి. పూర్వం ఎరుపు, నలుపు, ఉత్త ఆకుపచ్చ ఉండేవి. రంగులు మారినా ఉద్యోగాలు మాత్రం అవే.

ఆ పచ్చ తీగె ఊడదీసి స్విచ్చి వేశాను. గ్రైండరు హాయిగా తిరిగింది. ఇల్లు వెలుగుతూనే ఉంది. నా విజయానికి హద్దులేదు. తీగె కొసని చక్కగా కత్తిరించి, టేపు చుట్టి, మడిచి, లోపల పెట్టి మూత బిగించాను. ఆ పూట గారెలు తింటూ రెండుమూడుసార్లు నా పనితనం గురించి నేనే ప్రస్తావన తెచ్చినట్టు గుర్తు.

రెండు నెలలు గడిచాయి. ఓ ఉదయం కాఫీ గ్లాసు పెట్టేద్దామని వంటింటి వెనక వసారాలోకి వెళ్ళాను. మా పనిమనిషి పిండి రుబ్బుతోంది. కాళ్ళకింద చెక్కపీట వేసుకుంది. చేతిలో పొడిగుడ్డ నాలుగు మడతలు పెట్టి పట్టుకుంది. ముందుగా వేళ్ళ వెనకవైపుతో గ్రైండరుని ఒక్కసారి తట్టి చూసి, ఆ తరవాత గుడ్డతో పట్టుకుని తిప్పింది. ఏదో పూజావిధానం తెలిసినట్టు ఓ క్రమంలో చేస్తోంది.

"ఆ పీటేమిటమ్మా?" అన్నాను.

"ఏం లేదు బాబుగారూ. మిసను కాస్త గుంజుద్ది. పీటెక్కితే గుంజదు."

"ఎన్నాళ్ళనించి?"

"మీరు బాగుచేసిన కాణ్ణించేనండి."

"మరి చెప్పలేదేం?"

"కొన్ని మిసన్లు అంతేనేమో అనుకున్నానండి" అని నవ్వింది.

నేను నవ్వలేకపోయాను. అప్పటికప్పుడు ప్లగ్గు పీకేసి, నా జీవితంలో బహుశా మొదటిసారి, ఎలక్ట్రీషియన్ని నేనే పిలిచాను.

వచ్చినవాడు పాతికేళ్ళ కుర్రాడు. మూత విప్పాడు. నా టేపు చుట్టు చూశాడు.

"ఈ ఎర్త్ తీగె ఎవరు కోశారండీ?"

ఇక్కడ నేను పాఠకులకి ఓ నిజం చెప్పాలి. 'ఇంతకుముందు వచ్చిన మెకానిక్కు' అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మా ఆవిడ గుమ్మంలో లేకపోతే అనేసేవాణ్ణే. నా మౌనం చూసి అతనే అందుకున్నాడు: "ఎవరో తెలిసినవాడే సార్, టేపు శుభ్రంగా చుట్టాడు."

'తెలిసినవాడు' అన్న మాట అంత గట్టిగా తగలడం నాకదే మొదలు.

మోటారుకి వెళ్ళే ఓ తీగె మీద తొడుగు ఒరుసుకుపోయింది. పిండి కడిగిన నీళ్ళు కారి అక్కడ తడి చేరింది. ఆ తడిలోంచి కరెంటు కొద్దికొద్దిగా గ్రైండరు ఒంటికి పాకుతోంది. జరిగిందిదీ. ఇప్పుడు ఆ బోర్డులో ఉన్న పరికరం సంగతి చెబుతాను. అది ఓ గుమాస్తాలాంటిది. కపిలవర్ణం తీగె వెంట పోయిందెంత, నీలం తీగె వెంట తిరిగొచ్చిందెంత అని లెక్క చూస్తుంది. లెక్క తప్పిందంటే కరెంటు ఎక్కడో పక్కదారి పట్టిందన్నమాట. మన ఇళ్ళలో పెట్టే రకం, తేడా 30 మిల్లీయాంపియర్లకి చేరేసరికి కొట్టు మూసేస్తుంది. పచ్చ తీగె ఉన్నప్పుడు, కారిన కరెంటు దానివెంట భూమిలోకి పోయింది, లెక్క తప్పింది, గుమాస్తా అరిచాడు. నేనేం చేశాను? జబ్బు వదిలేసి అరుపు ఆపాను. పచ్చ తీగె తీసేశాక కారే కరెంటు పోవడానికి దారి లేదు కనక లెక్క సరిపోయింది. మళ్ళీ లెక్క తప్పాలంటే భూమికీ గ్రైండరుకీ మధ్య ఇంకో తీగె కావాలి. ఆ తీగె, తడిగచ్చు మీద ఉత్తకాళ్ళతో నిలబడ్డ మనిషి.

30 మిల్లీయాంపియర్లంటే ఎంత? పాతకాలపు 60 వాట్ల బల్బు వెలగడానికి మన 230 వోల్టుల మీద సుమారు 260 మిల్లీయాంపియర్లు కావాలి. అందులో తొమ్మిదో వంతన్నమాట. దానికన్నా తక్కువైతే ప్రమాదం లేదా అంటే, అదీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ ఈ లెక్కలు కట్టాడు. మనుషుల చేత తీగె పట్టించి, ఎంత కరెంటు దాకా తమంత తాము వదల్చుకోగలరో చూశాడు. సగటున మగవాళ్ళకి 16, ఆడవాళ్ళకి పదిన్నర మిల్లీయాంపియర్లు. అది దాటితే చెయ్యి బిగుసుకుపోతుంది. వదలాలని ఉన్నా వదలదు. అంటే గుమాస్తాకి ఇంకా అనుమానం రాకముందే మనిషి అతుక్కుపోయే మేర ఒకటుంది. మా వసారాలో ఆ మేరకీ ఆ మనిషికీ మధ్య ఉన్నది ఓ చెక్కపీట. ఆ డాల్జీలే 1961లో ఈ గుమాస్తా జాతి పరికరాన్ని తమ దేశపు ఇళ్ళకి తగ్గట్టు తయారుచేశాడు.

డాల్జీల్ దగ్గర తీగె పట్టుకున్నవాళ్ళకి అది కరెంటు తీగెని తెలుసు. తెలిసి, ఒప్పుకుని పట్టుకున్నారు. ఇంకా వెనక్కి వెళితే, 1753లో సెయింట్ పీటర్స్‌బర్గులో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు పిడుగులోని విద్యుత్తుని కొలవబోయి ఆ పిడుగుకే పోయాడు. ఆయన సాహసానికి ఆయన ప్రాణమే మూల్యం. ఇలాంటివాళ్ళని మనం గౌరవిస్తాం. గౌరవించాలి కూడా. నేనూ గ్రైండరు విప్పేటప్పుడు ఆ వంశంలోవాణ్ణేనని నాకో గర్వం. కాని తేడా చూడండి. నా సాహసానికి మూల్యం చెల్లించింది నేను కాదు. నేను చెప్పులేసుకుని, పొడి నేల మీద నిలబడి, ఒక్కసారి తాకి, 'బ్రహ్మాండంగా ఉంది' అని వెళ్ళిపోయాను. రోజూ తడిచేతులతో తాకింది మరొకరు. ఆవిడ ఒప్పుకోలేదు. అసలావిడని అడిగినవాళ్ళే లేరు.

మా నాన్నగారి కుర్చీకీ నా గ్రైండరుకీ ఉన్న భేదం ఇదేననుకుంటాను. కుర్చీ కాలు సరిగ్గా అతకకపోతే అది ఊగి చెబుతుంది. గొడుగు కారి చెబుతుంది. కరెంటు వస్తువు అలా చెప్పదు. అది అందంగా తిరుగుతూనే ఉంటుంది. 'పనిచేస్తోందా?' అన్నది ఒక ప్రశ్న, 'పట్టుకోవచ్చా?' అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరగ్గానే రెండోది అడగడం మానేస్తాం. నా దగ్గర టెస్టరుంది. దాంతో ప్లగ్గు రంధ్రాలు చూశాను. గ్రైండరు ఒంటిమీద పెట్టి చూడాలని తోచలేదు. పెట్టినా, అది వెలగకపోయినంత మాత్రాన భయం లేదని చెప్పడానికి వీల్లేదని ఆ కుర్రాడు తరవాత చెప్పాడు.

మా ఆవిడ జాలిపడి, "పోనిద్దురూ, ఏమీ జరగలేదు కదా" అంది. ఈ మాట దగ్గరే నేను చాలారోజులు ఆగిపోయాను. ఏమీ జరక్కపోతే తప్పు జరగనట్టేనా? గోడమీంచి వీధిలోకి రాయి విసిరి, ఎవరి తలా పగల్లేదు కనక నేను మంచివాణ్ణనుకోవచ్చునా? లోకం మాత్రం అలాగే తీర్పు చెబుతుంది. ఆ పీట లేకపోతే నేను పోలీసుల ముందు నిలబడవలసినవాణ్ణి. పీట ఉండబట్టి వారపత్రికకి వ్యాసం రాస్తున్నాను. ఈ రెంటికీ మధ్య తేడా నా మంచితనం వల్ల వచ్చింది కాదు, ఆవిడ తెలివివల్ల వచ్చింది. కనక నా తప్పు తేదీ, ప్రమాదం జరిగే తేదీ కాదు. నేను టేపు చుట్టిన తేదీ. ఆ పూట గారెలు తిన్న తేదీ.

అలాగని సొంత రిపేర్లు మానేయమంటానా? అనను. చెడిపోయినదాన్నల్లా పారేసే ఇంట్లో ఏదో దరిద్రం ఉంటుందని నాకిప్పటికీ నమ్మకం. కాని కొన్ని నియమాలు పెట్టుకున్నాను. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. పొరపాటున స్విచ్చిని రెండో తీగెకి బిగించి ఉంటే, ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకినా కెపాసిటరులో కొంత దాగి ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్‌లో అయితే అది వేల వోల్టులదాకా పోతుంది, దాని మూత నేను విప్పను. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా తీసేస్తే జబ్బు పోయిందనిపించినప్పుడు, నేను తీసింది జబ్బునా, జబ్బు సంగతి చెప్పేవాణ్ణా అని ఆలోచించాలి. చివరి నియమం: బాగుచేసిన వస్తువుని రోజూ ఎవరు వాడతారో వాళ్ళతో, నేనేం చేశానో చెప్పాలి. చెప్పడానికి నోరు రాకపోతే ఆ రిపేరు చెయ్యకూడదు.

చిన్నప్పుడు మా ఊళ్ళో, ఎండాకాలం సాయంత్రాలు నాన్నగారు పెరట్లో ఓ గొయ్యిలో చెంబెడు నీళ్ళు పోసేవారు. అక్కడ మొక్కా లేదు, తులసికోటా లేదు. ఏదో వ్రతం కాబోలనుకునేవాణ్ణి. అది ఎర్తింగు గొయ్యి. బొగ్గూ ఉప్పూ వేసి కప్పిన ఆ చోట నేల ఎండిపోతే భూమి కరెంటుని సరిగ్గా పుచ్చుకోదు. అందుకని ఆ చెంబెడు నీళ్ళు. నేను ఆయన దగ్గర గోనెసంచీ కుట్టడం నేర్చుకున్నాను గాని, ఆ చెంబు సంగతి మర్చిపోయాను. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నే లావుగా, పొడుగ్గా ఉంటుంది. పెళ్ళింట్లో పెద్దాయనలాగ, అందరికన్నా ముందొచ్చి అందరికన్నా ఆఖర్న వెళుతుంది. మధ్యలో ఏ పనీ చేసినట్టు కనిపించదు. ఏళ్ళతరబడి దానివెంట ఏమీ ప్రవహించకపోవడమే దాని పని సరిగ్గా జరుగుతోందనడానికి గుర్తు. అలాంటివాళ్ళని 'ఎందుకు దండగ' అని తీసెయ్యడం, ఇళ్ళలో గాని ఊళ్ళలో గాని, మనకి బాగా అలవాటు.

కుర్రాడు తీగె మార్చాడు, తడి చేరకుండా మూశాడు, పచ్చ తీగె మళ్ళీ కలిపాడు, మెగ్గరు పెట్టి చూశాడు. అడిగిన డబ్బులు మారుమాట్లాడకుండా ఇచ్చాను. మర్నాడు మా పనిమనిషికి జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఇప్పుడింక పీట అక్కర్లేదమ్మా" అన్నాను.

ఆవిడ గ్రైండరుకేసి చూసింది, నాకేసి చూసింది.

"ఉండనియ్యండి బాబుగారూ, అలవాటైపోయింది" అని పీట జరుపుకుని ఎక్కి నిలబడింది.

ఆ పీట ఇంకా అక్కడే ఉంది. తీయమని నేను మళ్ళీ అడగలేదు.