అడవినాభి ఎవరిది?

వానలు పడితే మన డెంకణీకోట, అంచెట్టి వైపు పొదల్లో అడవినాభి తీగ పాకుతుంది. తమిళులు దీన్ని సెంగాంతళ్ అంటారు, తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే. ఆరు రేకులూ వెనక్కి మడుచుకుని, పసుపు నుంచి ఎరుపుకు మారుతూ అచ్చం మంటలా ఉంటుంది. అగ్నిశిఖ అనే పేరు ఊరికే రాలేదు.

ఇంత అందమైన పువ్వును ఇంటికి తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. గడ్డ తవ్వి తెచ్చి నాటితే అయిపోయె! అడవి అందరిదీ కదా, ఆ అందరిలో నేనూ ఒకదాన్ని కదా అనొచ్చు. అందరిదీ కాబట్టి నేను చూడొచ్చు, సరే. తవ్వుకుని వచ్చాక మాత్రం అది అందరిదీ కాదు, నా ఒక్కదానిదే.

"అడవిలో ఉంటే ఎండాకాలం మంటలకు కాలిపోతుంది, మన ఇంట్లో భద్రంగా ఉంటుంది" అని ఇంకొందరు అంటారు. వినడానికి దయలాగే ఉంది. కానీ ఎండలు రాకముందే ఆ తీగ తనంతట తానే ఎండిపోతుంది. గడ్డ మాత్రం మట్టి కింద నిద్రపోతుంది. అది నాగలి ఆకారంలో ఉంటుంది, అందుకే సంస్కృతంలో లాంగలి అన్నారు. మళ్లీ వాన పడితే గడ్డ కొనలోంచి మొలక వస్తుంది. తవ్వేటప్పుడు ఆ కొన విరిగిందా, ఇక మొలవదు. కాపాడడానికి పోయినవాళ్ల గునపమే దానికి మంటకన్నా పెద్ద గండం.

గింజతో పెంచడం న్యాయమైన దారి. ధారాపురం వైపు రైతులు దీన్ని గింజల కోసమే పండిస్తారు, వాటిలోని కాల్చిసిన్‌తో కీళ్లవాతానికి మందు చేస్తారు. గింజ నాటితే పువ్వుకు రెండు మూడేళ్లు ఆగాలి. ఆగలేనివాళ్లే గునపం పట్టుకుంటారు.

నాకు ఇంతకన్నా కష్టంగా తోచిన ప్రశ్న వేరే ఉంది. నాభి అంటేనే విషం. ఆ కాల్చిసినే గడ్డలో, గింజలో, ఆకులో అంతటా ఉంది. దుంప తినేదే అనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కొండమీద ఉన్నంతవరకు ఆ విషానికి నేను జవాబు చెప్పక్కర్లేదు. మా వాకిట్లో నాటినాక చెప్పాలి. పక్కింటి పిల్లలు నన్ను అడిగి ఆడుకోరు కదా! కంచె కట్టొచ్చు, పిల్లలకు చెప్పొచ్చు. చెబితే అర్థమయ్యే వయసు వాళ్లకు ఉండాలి.

మా తమ్ముడికి రెండేళ్లు. ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటాడు. అందుకే గింజలు కూడా ఇంటికి తేలేదు. ఈ ఏడు కార్తీకానికి కొండకే పోయి చూసి వస్తామని నాయన అన్నాడు.